అందరికన్న ముందు భైరవే ఎట్లొచ్చిండు?

మెట్టుగూడ,
2 జూన్ 2025

దయాకర్ బావకు,

నీ ఒక్కగానొక్క బామ్మర్ది పర్వతాలు తన టెంట్ హౌస్‌ల ఇరిగిన కుర్చీల నడుమ కూసోని రాసేది. రాత చూసి కోడి గెలికిందనుకోకు. పదో తరగతి రెండుసార్లు రాసి రెండుసార్లు పోగొట్టుకున్న చెయ్యి ఇది. ఫోన్ చేద్దమంటే ఆ ప్రకృతి వైద్యశాలోళ్లు గేటు కాడనే గుంజుకోని బీరువాల పెడుతరట, ఉత్తరాలైతేనే లోపటికి పోనిస్తరట. మండలం రోజులు ఫోన్ లేదు, ఉప్పు లేదు, కారం లేదు. జైల్ల సుత అప్పుడప్పుడు కోడికూర పెడుతరు బావా. నీ షుగరు తగ్గుతదో లేదో గని, నిన్న అక్క బజార్ల బూడిద గుమ్మడికాయను చూసి "మీ బావ యాదికొచ్చిండ్రా" అన్నది.

అసలు ముచ్చట ఇను. మన చక్రధర్ సినిమా "నిప్పుల భైరవ" ఇరవై ఏండ్లు దాటినంక మళ్ల రిలీజ్ చేసిన్రు. అభిమాన సంఘం అధ్యక్షుడివి నువ్వు లేవు గాబట్టి కటౌటు ముంగట కొబ్బరికాయ నేను కొట్టిన. ఏడువకు. ఆనాడు విజిల్లు ఏసుడు, కాయితాలు ఎగరేసుడే సరిపాయె, కథ ఎవడు చూసిండు? ఇప్పుడు మోకాళ్ల నొప్పులు గద, బుద్ధిగ కూసోని మొత్తం చూసిన. చూస్తే తేలింది ఏందంటే, భైరవ హీరో గాదు. వాడే విలన్.

కోపానికి రాకు, ఇను. బియ్యం మిల్లు అంటుకుంటది, ఊరంత ఉరుకుతది. అందరికన్న ముందు భైరవ ఉంటడు. అంతకు ముందు సీన్ల కొండ మీద హీరోయిన్‌తోని పాట పాడుతున్నడు గద, మిల్లు కాడికి ఎట్లొచ్చిండు? అంగీకి మసి మరక లేదు, క్రాపు చెదరలె. నిప్పు లేస్తదని ముందే తెల్సినోనికే గద అంత తీరిక! మనం విలనన్న ఆ నాగప్ప పాపం "నాకేం తెల్వదు" అని మొత్తుకుంటనే ఉంటడు. మనం ఇన్నమా? మీసాలు పెద్దగున్నయని మనమే శిక్ష ఏసినం. ఇంకొకటి చూడు. నిజం తెల్సినోళ్లంత భైరవ ఒళ్లోనే చస్తరు. అన్న, మిల్లు గుమాస్తా, ఆ ముసలామె, అందరు. డాక్టరు ఒళ్లో ఒక్కడు సుత చావడు. "నన్ను చంపింది... చంపింది..." అనంగనే పానం పోతది. ఆ టైంల మన హీరో చెయ్యి గొంతు కాడ ఏం చేస్తున్నదో కెమెరా చూపియ్యదు.

నీ టిఫిన్ సెంటర్ గురించి ఫికర్ చెయ్యకు. అల్లుడు రమణబాబు వంట, మన వసుధ గల్లా. మొన్న గ్యాస్ పైపు లీకైతే అందరికన్న ముందు ఉరికొచ్చి బంద్ చేసింది అల్లుడే.

సొరకాయ రసం తాగేటప్పుడు నన్ను తలుసుకో. సరిగ్గ ఆ టైంకు నేను నీ సెంటర్ల ఉల్లి దోశ తింటుంట.

పర్వతాలు


ప్రకృతి వైద్యశాల, శంకర్‌పల్లి అవతల
7 జూన్ 2025

బామ్మర్ది పర్వతాలుకు,

నీ ఉత్తరం చేరింది. చదివి చింపేసిన. సాయంత్రం ముక్కలు ఏరుకొచ్చి అతికిచ్చిన.

భైరవ గురించి అట్ల మాట్లాడే నాలుక నీదొక్కదే సికింద్రాబాద్‌ల. నా పడకగదిల మీ అక్క ఫోటో కన్న ముందు భైరవ ఫోటో పెట్టినోన్ని నేను. అయినా నీ రాతలు నా గది జతగాళ్లకు చదివి వినిపించిన, నవ్వుకుందమని. ఇక్కడ టీవీ లేదు, పొద్దు పోదు. ఒకాయన అమ్మిరాజు, భీమవరం దిక్కు చేపల చెరువులు. ఇంకొకాయన జ్ఞానశేఖర్, రిటైరైన లెక్చరర్. నవ్వుతరనుకుంటే ఒక్కడు నవ్వలే. తర్వాత అమ్మిరాజు గారు మెల్లగ అడిగిండు, "ఏవండీ, ఆ మిల్లు తాళాలు ఎవరి దగ్గరుంటాయండీ సినిమాలో?"

తాళాలు భైరవ దగ్గరనే. రెండో పాటల మొలతాడుకు కట్టుకోని ఎగురుతడు గద!

అప్పటికెల్లి రోజు బురద స్నానం అయినంక చెట్టు కింద ఇదే చర్చ. వైద్యశాల మొత్తం ఇప్పుడు నాగప్ప పక్షం. ఎవరు ఏం చెప్పినా "ఆయన అందరికన్న ముందు ఎట్లొచ్చిండు?" అనుడు అలవాటైంది. ఇన్నేండ్లు కండ్లు మూసుకోని హారతి ఇచ్చినట్టుంది నాకు. ఫోటో తీసి బీరువా ఎనుక పెట్టమని మీ అక్కకు చెప్పు.

ఒక చిన్న మాట. గ్యాస్ లీకైన నాడు రమణబాబు వంట కాడ ఉన్నడా, బయట ఉన్నడా? ఊరికెనే అడుగుతున్న.

దయాకర్


మెట్టుగూడ,
11 జూన్ 2025

భైరవ భక్తి వదులుకున్న బావకు,

నీ ఉత్తరం చదివి నవ్వలేక టెంటు గుడ్డల మూట మీద పడ్డ. ఫోటో తీసేసిన. గోడ మీద తెల్లగ మచ్చ పడ్డది, అక్క అక్కడ క్యాలెండర్ తగిలించింది. నువ్వు అభిమాన సంఘానికి రాజీనామా చేస్తే నీ బిళ్ల నాకియ్యి, నేను నాగప్ప అభిమాన సంఘం షురూ చేస్త.

గ్యాస్ నాడు అల్లుడు బయట ఉన్నడు, కూరగాయల కోసం పోయి వస్తున్నడు. వాసన పట్టి ఉరికిండు. అబ్బో, నీకు అనుమానమా? అయితే ఇంకో ముచ్చట యాది చేస్త. నాలుగేండ్ల కింద మన చౌరస్తల నువ్వు స్కూటర్ మీదికెల్లి జారి పడ్డ నాడు అందరికన్న ముందొచ్చి నిన్ను ఎత్తుకున్నది ఎవరు? మన రమణబాబే! అంగీకి ఒక్క మరక లేదు, క్రాపు చెదరలె! బ్యాక్‌గ్రౌండ్ల మ్యూజిక్ ఒక్కటే తక్కువ. నువ్వు ఆయన ఒళ్ల తలకాయ పెట్టి "నన్ను పడేసింది... పడేసింది..." అన్నవో లేదో నాకు తెల్వదు.

నవ్వినవా? నవ్వు. ఉప్పు లేని కూడుకు నవ్వే ఊరగాయ.

వాన పడేటట్టుంది. బోనాల షామియానాలు ఆరేసిన, పోయి తియ్యాలె.

నీ అల్లరి బామ్మర్ది


వైద్యశాల
15 జూన్ 2025

పర్వతాలుకు,

నవ్వలేదు.

నీ ఉత్తరం చదివిన రాత్రి నాకు నిద్ర లేదు. విషయం ఏమనగా, ఆనాడు రమణబాబు బేగంపేట హోటల్ల వంట చేస్తుండె. బేగంపేట వంట మనిషికి పొద్దుగాల్ల మెట్టుగూడ చౌరస్తల ఏం పని? ఇన్నేండ్ల నుంచి ఈ ప్రశ్న నేనెందుకు అడగలేదు?

నేను పడ్డ. ఆయన ఎత్తిండు. దవాఖానల కూసున్నడు, పండ్లు తెచ్చిండు. పానం కాపాడిన పిలగాడని నేనే ఇంటికి పిలిచిన. అప్పుడు వసుధ "నాన్నా, మేమిద్దరం ముందు నుంచే..." అన్నది. ఎక్కడి శ్రీకాకుళం, ఎక్కడి మనం, అని నేను ఎగరాల్సింది. ఎగరలేదు. ఎందుకు? పానం కాపాడినోడని. ఆ పెండ్లి మొత్తం ఆ స్కూటర్ మీద నిలబడ్డది పర్వతాలు.

తర్వాతివి చూడు. గ్రైండర్ పోతే దొంగను పట్టింది ఆయనే. మున్సిపాలిటోళ్లు బోర్డు పీకనీకి వస్తే ముందే లోపల పెట్టింది ఆయనే. గ్యాస్ లీకైతే ఆయనే. మా ఇంట్ల ఏ తక్లీఫ్ వచ్చినా దాని పక్కన ఆయన నిలబడి ఉంటడు. అమ్మిరాజు గారు అంతా విని ఒకటే అన్నడు, "తాళాలెవరి దగ్గరున్నాయండీ?"

పదిహేనేండ్లు చెమటోడ్చి పెట్టిన సెంటర్. నువ్వు రోజు పోయి ఆయనను గమనించు. ఆయనకు తెలియనియ్యకు.

దయాకర్


మెట్టుగూడ,
18 జూన్ 2025

బావా,

చేతులు జోడించి రాస్తున్న. నేను మజాక్ చేసిన. మజాక్! నా పుట్టుక నీకు తెల్వదా? నీ పెండ్లిల నీ చెప్పులు దాచిపెట్టి ఒక కాలుకు నీది, ఒక కాలుకు పురోహితునిది తొడిగిచ్చినోన్ని. నా మాట పట్టుకోని ఎవడన్న ఇల్లు కూలగొట్టుకుంటడా?

గమనించమన్నవు గద, గమనించిన. రాస్తున్న, చదువుకో. అల్లుడు తెల్లారకముందే లేస్తడు. పిండి రుబ్బుతడు. చట్నీల ఉప్పు సరిపోయిందా అని వసుధకు రుచి చూపిస్తడు, ఆమె తిడుతది, మళ్ల ఏస్తడు. మీ అమ్మ బుచ్చమ్మ అత్తకు మెత్తటి ఇడ్లీ వేరే తీసిపెడుతడు. ముసలామెకు పండ్లు లేవని నీకు యాదుందో లేదో, ఆయనకుంది. మున్సిపాలిటోళ్లు వస్తున్నరని ముందు తెల్సింది ఎట్ల అంటే నేనే ఫోన్ చేసి చెప్పిన! అంతకు ముందే వాళ్లు నా షామియానా పీకిన్రు.

ఆయన అన్నిటికి ముందు ఎందుకుంటడంటే మిగిలినోళ్లం ఎనుక ఉంటం గాబట్టి. గ్యాస్ వాసనొస్తే నేను చెయ్యి కడుక్కోకుండ రోడ్డు దాటిన. నిజం. చేతుల సాంబారుతోనే ఉరికిన.

ఆ చేపల చెరువుల రాజుగారికి చెప్పు, సినిమా సినిమానే అని.

పర్వతాలు


వైద్యశాల
21 జూన్ 2025

పర్వతాలుకు,

నువ్వు చానా గట్టిగ వెనకేసుకొస్తున్నవు. సినిమాల సుత భైరవకు ఒక కమెడియన్ దోస్తు ఉంటడు, ప్రతి సీన్ల "మా అన్న బంగారం" అంటుంటడు. వాడు చివరి వరకు బతికి ఎందుకున్నడు అని ఇక్కడ అందరికి అనుమానం. ముందు నువ్వే నిప్పు పెడ్తివి, ఇప్పుడు నువ్వే నీళ్లు తెస్తున్నవు. నాకు నీ మీద సుత నమ్మకం పోయింది.

గందుకే ఈసారి నీ చేత పంపలే. రమణబాబు పేరు మీద సెంటర్‌కే వేరే ఉత్తరం రాసిన, భైరవ ముచ్చట సుత అండ్ల పెట్టిన. తాళాలు ఇచ్చేసి పక్కకు తప్పుకొమ్మన్న. నేనొచ్చినంక అన్ని తేల్చుకుందమన్న.

ఇది మా ఇంటి విషయం.

దయాకర్


మెట్టుగూడ,
26 జూన్ 2025

బావా,

నీ ఉత్తరం నిన్న ఇడ్లీల రద్దీల వచ్చింది. నేను అక్కడనే ఉన్న. పోస్టాయన కవర్ ఇచ్చిండు. అల్లుడు తడి చెయ్యి తువ్వాలకు తుడుసుకోని చదివిండు. మడిచి జేబుల పెట్టుకున్నడు. మళ్ల దోశలు ఏసిండు. ఒక్క దోశ మాడలె బావా. నేనైతే పెనం నీ ఫోటోకు ఇసిరికొడుదు, సెంటర్ల నీ ఫోటో లేకపాయె.

మధ్యాహ్నం అన్ని గిన్నెలు తోమి బోర్లిచ్చిండు. నేను పోయి "అల్లుడా, ఏందీ మౌనం?" అన్న. ఉత్తరం నా చేతిల పెట్టిండు. చదివిన. నా మొఖం చూసి ఆయనకు మొత్తం సమజైనట్టుంది.

"ఈ సినిమా కథ మీరే రాసేరా మావయ్యా?" అన్నడు. అంతే. కొట్టినా బాగుండు.

తాళాలు నాకియ్యి, బావ వచ్చేదాక నేను చూస్త అన్న. "మీకెందుకిస్తానండీ? ఆయన నా చేతికిచ్చారు, ఆయన చేతికే ఇచ్చీస్తాను" అన్నడు. సెంటర్ బంద్ చేసి, వసుధను తోలుకోని ఏ.ఎస్. రావు నగర్‌ల తన చెల్లె సాయిదుర్గ ఇంటికి పోయిండు. వసుధ పోతూ పోతూ నా దిక్కు చూసి "మామా, నువ్వు నవ్విచ్చేటోడివని అనుకున్న" అన్నది.

అక్క నాకు చాయ్ బంద్ చేసింది. "నీకు నోరుంది, మీ బావకు చెవులున్నయి, మీ ఇద్దరికి తలకాయ లేదు" అన్నది. బుచ్చమ్మ అత్త ఇడ్లీ ఏదని అడుగుతున్నది. హోటల్‌కెల్లి తెచ్చిచ్చిన. నమలలేక పక్కకు పెట్టింది. సెంటర్ ముంగట కస్టమర్లు వచ్చి షట్టర్ చూసి పోతున్నరు.

ఇగ నేను సలహా ఇయ్య. నా సలహా మీద నాకే నమ్మకం లేదు. ఒకటే అడుగుత. నువ్వు పోగొట్టుకునేది సెంటరా, బిడ్డనా? జెర ఆలోచించు.

పర్వతాలు


వైద్యశాల
30 జూన్ 2025

పర్వతాలుకు,

నీ ఉత్తరం శనివారం అందింది. దానికి ముందు ఇక్కడొకటి జరిగింది, అది చెప్పకుంటే మిగిలింది సమజ్ గాదు.

గురువారం అమ్మిరాజు గారు ఆవిరి గదిల కండ్లు తిరిగి పడిపోయిండు. తలుపు బిగుసుకపోయింది. నేనే భుజంతోని గుద్ది తెరిచి, ఆయనను బయటికి గుంజి, మొఖం మీద నీళ్లు కొట్టిన. మంచిగైండు. శాలువా కప్పుతరనుకున్న. తెల్లారి గంజి తాగే కాడ ఎవరు నా పక్కన కూసోలే. జ్ఞానశేఖర్ గారు అద్దాలు సదురుకోని "దయాకర్ గారూ, మీ స్నానం వంతు సాయంత్రం కదా. అందరికంటే ముందు మీరే ఎలా వచ్చారు?" అన్నడు.

అమ్మిరాజు గారు నా దిక్కు చూడకుండ గంజిల చెంచా తిప్పుతున్నడు.

నిజం ఉన్నది గని, చెప్పేటట్టు లేదు. అమ్మిరాజు గారి తువ్వాల మూటల వాళ్లింటోళ్లు దొంగచాటుగ పంపిన కాజాల పొట్లం ఉంటది. ఆయన ఆవిరిల ఉన్నప్పుడు ఒకటి నోట్ల ఏసుకుందమని పోయిన. పోయేసరికి లోపల దబ్బుమన్న చప్పుడు. చేతిల కాజాతోనే తలుపు గుద్దిన. ఇది ఎట్ల చెప్పుదు వాళ్లకు?

మూడు రోజులు నన్నెవరు పలకరియ్యలే. ఆ మూడు రోజులల్ల నీ ఉత్తరం వచ్చింది. చదివిన. ఈసారి చింపలే.

నిన్న ఆదివారం, చుట్టాలను రానిచ్చే రోజు. మొఖం నిండ మట్టి పట్టించుకోని వరండాల పండుకున్న. ఎవరో పక్కన నిలబడ్డరు. కండ్లు తెరిస్తే రమణబాబు. బల్ల మీద తాళాల గుత్తి పెట్టిండు.

"మీ చేత్తో ఇచ్చారు మావయ్యా. మీ చేతికే ఇచ్చీడానికొచ్చాను" అన్నడు. ఎల్లిపోతలేడు, నిలబడ్డడు. "ఏటైనా అడగాలుంటే అడిగీండి. ఉత్తరాల్లో వొద్దు."

మొఖం మీద మట్టి ఎండుతున్నది, నోరు తెరిస్తే పగులుతున్నది. అయినా అడిగిన. ఆనాడు చౌరస్తల అందరికన్న ముందు నువ్వెట్లొచ్చినవని.

"మీ ఎనకాలే వచ్చాను" అన్నడు. "చాలా రోజులుగా మీ స్కూటర్ ఎనకాల తిరిగాను. వసుధ గురించి అడుగుదామని. నోరు రాలేదు. ఆ రోజు మీరు జారి పడిపోయారు కదా... మొదట నాకు సంతోషమేసింది మావయ్యా. ఒక్క చణం. హమ్మయ్య, ఇప్పుడు దగ్గరికెళ్లి మాటాడొచ్చు అనుకున్నాను. తరవాత మీ తలకాయి నుంచి రగతం కనిపించింది. ఇంక ఏటీ అనుకోలేదు. ఎత్తీసుకున్నాను. ఆ ఒక్క చణం మాత్రం ఇప్పటికీ వసుధకి కూడా చెప్పలేదు."

పర్వతాలు, నేను ఇన్నేండ్లు సినిమాలు చూసిన. గసొంటి డైలాగ్ ఎవడు చెప్పంగ ఇనలే. కొట్టాల్నా, కౌగిలించుకోవాల్నా తెల్వలే. నా నోటికి ఏదొస్తే అది చెప్పిన. కాజాల ముచ్చట చెప్పిన. ఈ భూమి మీద ఆయనకొక్కనికే చెప్పిన, ఇప్పుడు నీకు. ఆయన ముందు నమ్మలే. "చేతిలో కాజా ఉండగానే తలుపు గుద్దీసారా?" అన్నడు. అవునన్న. "కాజా ఏటయిందండీ మరి?" అన్నడు. తిన్ననన్న. అప్పుడు నవ్విండు. నవ్వు ఆపుకోలేక వరండా స్తంభం పట్టుకున్నడు.

"వసుధేది?" అన్న.

"గేటు బయట. మీరు పిలిస్తే గాని లోపలికి రానంది."

పిలుసుడేందీ, నేనే పోయిన. పేషెంట్లు గేటు దాటొద్దని వాచ్‌మన్ అడ్డమొచ్చిండు. తప్పుకోమన్న. కాళ్లకు చెప్పులు లేవు, ఒంటి మీద లుంగీ, మొఖం మీద మట్టి. రోడ్డు మీద ఆటోల కూసున్నది వసుధ. నన్ను చూసి జడుసుకోని వెనుకకు జరిగింది. కన్నబిడ్డ నన్ను గుర్తువట్టలే. "నేనే బిడ్డా" అన్న.

మూతి బిగిచ్చుకోని నా కాళ్ల దిక్కు చూస్తున్నది.

"తప్పయింది. ఇంటికి పోండ్రి బిడ్డా" అన్న.

"ఏ ఇంటికి?" అన్నది.

బల్ల మీదికెల్లి పట్టుకొచ్చిన తాళాలు, నా ఎనుకనే వచ్చిన రమణబాబు ముంగట చాపిన. ఆయన చెయ్యి చాపలే. వసుధ మొఖం చూస్తున్నడు. నేను సుత ఆమెనే చూస్తున్న. ఆటో ఆయన సుత వెనుకకు తిరిగి ఆమెనే చూస్తున్నడు. ఇన్ని రోజులు తాళాలు ఎవరి దగ్గర, ఎవరి దగ్గర అని కొట్టుకున్నం గని, ఆ గల్లా కాడ రోజు నిలబడేటి పిల్లను ఒక్కడన్న ఒక మాట అడిగినమా?

వసుధే చెయ్యి చాపి నా చేతిలకెల్లి గుంజుకున్నది. సంచిల ఏసుకోని జిప్పు లాగింది.

"మీ ఇద్దరి దగ్గర ఉంటే రోజుకొక సినిమా" అన్నది. "పా రమణా, రేపటికి పప్పు నానబెట్టాలె. నాయినమ్మ ఎన్ని రోజులు గా హోటల్ ఇడ్లీ తింటది?"

ఆటో మలుపు తిరిగేదాక రోడ్డు మీదనే నిలబడ్డ. పోయేటోళ్లు ఆగి నన్ను చూసి పోయిన్రు.

పొద్దుగాల్ల సెంటర్ తెరిచిన్రా లేదా, నువ్వు పోయి చూసి రాయి. లోపటికి పోకు, రోడ్డు ఇవతల నిలబడి చూడు. వసుధ ఇంకా నిన్ను రానిస్తదో లేదో నాకు తెల్వదు, అది నువ్వే తేల్చుకో.

గేటు దాటినందుకు డాక్టరు నాకు రెండు రోజులు ఒట్టి నిమ్మకాయ నీళ్లే రాసిండు. తాగుతున్న.

నీ బావ,
దయాకర్